తుప్పు పట్టని పిన్ను

ప్రియమైన మేడమ్ గారికి,

నేనెవరో మీకు తెలీదు. మీ క్లాసులో చదువుకున్న పిచ్చుక వాళ్ళ అమ్మని. పిచ్చుక అనేది ఇంట్లో పిలుచుకునే పేరు లెండి, మీకు నంబరుతోనే తెలిసుంటుంది. నెల కిందట మూడు రోజుల జ్వరంతో పోయిందే, ఆ పిల్ల. మీరంతా సంతకాలు పెట్టి పంపిన కార్డు అందింది. అద్దం పక్కన పెట్టుకున్నాను.

నేను చదివింది అయిదో తరగతి. తప్పులుంటే దిద్దుకుని చదువుకోండి, ఎలాగూ దిద్దడం మీకు అలవాటే.

మా ఇంటాయన దాని బ్యాగు అటకెక్కిద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. మొన్న ఆదివారం ధైర్యం చేసి జిప్పు తీశాను. అందులో మీరు రాయించిన వ్యాసాలు ఆరున్నాయి. అయిదింటి మీద ఎర్ర సిరాతో మార్కులున్నాయి. పైన నాలుగు గళ్ళు, గడికో అంకె, కింద కూడిక. ఇరవైకి తొమ్మిది, తర్వాత పదకొండు, అలా అలా చివరిదానికి పదిహేను. ప్రతి కాగితానికీ కుడివైపు మూల మడిచిన గీత ఉంది, గీత పక్కన రెండు చిల్లులు, చుట్టూ తుప్పు మరక. నేను ఆల్టరేషన్ల కొట్లో పదహారేళ్ళుగా పని చేస్తున్నానండీ, పిన్ను చిల్లు ఎక్కడున్నా నా కంట పడుతుంది. అది ఎందుకో మాత్రం బోధపడలేదు.

నేను అడగాలనుకున్నది ఆరోదాని గురించి. దానిమీద మార్కుల్లేవు. గళ్ళు ఖాళీ. కాగితం నిండా పెన్సిలు గీతలు, ప్రశ్నలు. ఆ కాగితం నాకు కొత్త కాదు. పిల్ల జ్వరాన పడిన వారంలోనే, సోమవారం సాయంత్రం, మా ఇంట్లో కుట్టు మిషను మీద మర్చిపోయి వెళ్తే చూశాను. గళ్ళు ఖాళీగా ఉన్నాయంటే సున్నా అనుకున్నాను. అది రాగానే అనేశాను, "సున్నా తెచ్చుకోడానికా ఇంత దూరం బస్సెక్కి పోతున్నావ్? రేపట్నుంచి వచ్చి మిషను ముందు కూర్చో" అని. అదేదో చెప్పబోయింది. నేను మిషను తొక్కడం మొదలుపెట్టాను. మిషను నడుస్తుంటే ఎదుటివాళ్ళ మాట వినపడదు. వినకూడదనే తొక్కాను.

మంగళవారం మాటల్లేవు. బుధవారం కాలేజీ నుంచి వచ్చి ఒళ్ళు కాలిపోతోందంటూ పడుకుంది. తర్వాత అది నాతో మాట్లాడే స్థితిలో లేదు.

అది సున్నాయేనా మేడమ్? సున్నా అయితే సున్నా అనే చెప్పండి, నొచ్చుకోను. దానితో నేను ఆఖరుగా అన్న మాట సరైనదో కాదో తెలిస్తే చాలు.

మీ జవాబు కోసం చూస్తూ,
పిచ్చుక వాళ్ళ అమ్మ

*

ప్రియమైన అమ్మగారికి,

సున్నా కాదు. ముందు ఈ ఒక్క మాట చదివి, కాసేపు ఆగి, మిగతాది చదవండి.

మేమే మీ దగ్గరికి రావలసింది. కార్డు మీద సంతకం పెట్టి పంపించి ఊరుకున్నాం. మీరే ముందు రాయాల్సి వచ్చింది, క్షమించండి.

మా దగ్గర మార్కులు వేసే పద్ధతి చెబుతాను. పిల్లలు వ్యాసం రెండుసార్లు రాయాలి. మొదటిసారి రాసింది నేను పెన్సిలుతో చదువుతాను. నాకు అర్థం కానిచోట ప్రశ్న వేస్తాను. దానికి మార్కులుండవు, అందుకే గళ్ళు ఖాళీ. ఎన్ని ప్రశ్నలుంటే అంత శ్రద్ధగా చదివించిందని అర్థం. చదవబుద్ధి కానివాటిమీద నా పెన్సిలు నడవదు.

పిల్లలు ఆ ప్రశ్నలకి జవాబు దొరికేలా మళ్ళీ శుభ్రంగా రాసి, వరండాలో ఉన్న చెక్కపెట్టెలో వేస్తారు. ఆ ప్రతి నేను చూడను. అంతసేపు ఒకరి రాతతో గడిపాక ఆ రాత మీద ప్రేమ పుడుతుంది, చెయ్యి మెత్తబడుతుంది. అందుకని నా పిల్లలవి పక్క సెక్షను మాస్టారు దిద్దుతారు, ఆయన పిల్లలవి నేను. నంబరున్న మూల మడిచి పిన్ను పెడతాం, ఎవరిదో తెలియకుండా. విషయం, ఆధారం, వరస, భాష, ఒక్కోదానికి అయిదు. టర్ము చివర ఇద్దరం కూర్చుని పిన్నులు తీసి నంబర్లు చూసి ఎక్కించి, కాగితాలు పిల్లలకి తిరిగిస్తాం; మీ దగ్గరున్న అయిదూ అంతకుముందు టర్ములవి. పిన్నులు ఆఫీసువాళ్ళు ఇచ్చినవి, తేమకి తుప్పు పడతాయి. ఇన్నేళ్ళలో ఆ చిల్లుల సంగతి అడిగింది మీరొక్కరే.

తొమ్మిది నుంచి పదిహేను దాకా మీ అమ్మాయి మెట్టు మెట్టుగా ఎక్కింది. ఆరోసారి ఇచ్చిన విషయం, 'మీకు బాగా తెలిసిన ఒక పనిని, అది రానివాళ్ళకి అర్థమయ్యేలా రాయండి'. ఆమె మీ పని గురించి రాసింది, పెద్ద చొక్కాకి భుజం ఎలా తగ్గిస్తారో. శుభ్రమైన ప్రతికి శుక్రవారం గడువు. గురువారం నుంచి ఆమె రాలేదు. దాంతో అది పెన్సిలు దగ్గరే ఆగిపోయింది.

ఆదరంతో,
మీ అమ్మాయి టీచరు

*

ప్రియమైన మేడమ్ గారికి,

మీ ఉత్తరం కొట్లో చదివాను, ఇంట్లో చదివాను, మా ఇంటాయనకి చదివి వినిపించాను. ఆయన లేచి అటక మీద పెట్టడానికి తెచ్చిన నిచ్చెన పక్కింటివాళ్ళకి తిరిగిచ్చి వచ్చారు.

మీకు నా దండాలు. సున్నా కాదన్నందుకు కాదు, నాలాంటిదానికి అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు చెప్పినందుకు.

ఇంకో సంగతి చెప్పనా? అది ఇదివరకు పెన్సిలు కాగితాలు నాకే ఇచ్చేది. "వెనకవైపు ఖాళీగా ఉందమ్మా, కాలరు కొలత గీసుకో" అనేది. నేను కాలరు ఆకారంలో కత్తిరించి మేకుకి తగిలించాను. ఇన్నాళ్ళూ ఒక్కసారన్నా తిప్పి చూసిన పాపాన పోలేదు. నిన్న తిప్పాను. మీ ప్రశ్నలు సగం సగం ఉన్నాయి, మిగతా సగం నా కత్తెర తినేసింది.

ఆరోదాంట్లో మీరు అడిగినవాటికి నేను జవాబు చెబుతాను. నా పని గురించే కదా.

చొక్కా చెయ్యి మొత్తం విప్పాలా అని అడిగారు. వద్దండీ. చంక దాకా విప్పితే చాలు, కింద కుట్టు కదిలిస్తే చొక్కా మొత్తం విప్పాల్సొస్తుంది.

నేరుగా మిషను మీద ఎందుకు కుట్టకూడదు అని అడిగారు. ముందు చేత్తో పొడుగు పొడుగుగా కచ్చా కుట్టు వేస్తాం. అది ఉండటానికి కాదు, చూసుకోడానికి. తేడా ఉంటే దారం లాగేస్తే పోతుంది. మిషను కుట్టు విప్పితే బట్టకి గాయం. కొట్టుకొచ్చినవాళ్ళు మధ్యలో కచ్చా కుట్టు చూసి ఇదేం కుట్టని గోల పెడతారు. రెండు రోజులాగి రండి అని నవ్వి పంపిస్తాను. ఇలాంటిదాన్ని నేనే, పెన్సిలు కాగితం చూసి అంత మాటన్నాను.

టేపు లేకుండా రెండు భుజాలూ సమానమని మీ అమ్మకి ఎలా తెలుస్తుంది అని అడిగారు. అది నాకూ తెలీదండీ. వేళ్ళకి తెలుస్తుంది. అలవాటు.

ఆ కాగితం దీంతోనే పంపుతున్నాను, ఇవి చేర్చుకుని దానికి మార్కులు వేయండి మేడమ్. అందరికీ వేసినట్టే వేయండి. నా ఏడుపుకి వేయొద్దు.

ఉంటాను,
పిచ్చుక వాళ్ళ అమ్మ

*

ప్రియమైన అక్కకి,

మేడమ్ అనకండి, మీకన్నా చిన్నదాన్ని.

నాలుగు రోజులు ఎర్రపెన్ను పట్టుకుని కూర్చున్నాను. చేతకాలేదు. మీ జవాబులు చక్కగా ఉన్నాయి, కానీ అవి మీవి. వాటిని కలిపి ఆమె నంబరు మీద మార్కు వేస్తే, అది ఆమె తెచ్చుకున్నది కాదు. కలపకుండా వేద్దామంటే అది పూర్తికాని కాగితం. పైగా అది ఎవరిదో నాకు తెలుసు, ఏ మూల మడిచినా తెలుసు. ఇరవై వేసెయ్యాలనిపిస్తోంది. అలా అనిపించినప్పుడు పెన్ను ముట్టుకోకూడదన్నది మా నియమం.

మీరు కోపగించుకున్నా సరే, మీకు అబద్ధపు మార్కు పంపలేను.

మీ చెల్లెలు

*

ప్రియమైన చెల్లెమ్మకి,

కోపమెందుకు? నువ్వన్నదే సబబు. ఇంకొకళ్ళు కుట్టినదాన్ని నేను కుట్టానని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు నేను, నా బిడ్డచేత మాత్రం అలాంటి పని ఎందుకు చేయిస్తాను?

మార్కు సంగతి వదిలేశాను. వదలనిది ఒకటే. ఆ రోజు అదేదో చెప్పబోయింది. నేను మిషను తొక్కాను. ఏం చెప్పేదో, ఎంత నొచ్చుకుని పోయిందో, అది అడగడానికి ఇంక ఎవరూ లేరు. నీకు ఈపాటి రాసుకోగలుగుతున్నాను, అదే చాలు.

ఒళ్ళు జాగ్రత్త. కాగితాలు చూసేటప్పుడు వెలుతురు ఎడమవైపు నుంచి పడేలా కూర్చో. మా పనికీ అదే చెబుతాం.

అక్క

*

ప్రియమైన అక్కా,

రెండు నెలలు రాయలేదు. ఇవాళ రాయకుండా ఉండలేను.

నిన్న పిన్నులు తీసే రోజు. బల్లకి అటువైపు పక్క సెక్షను మాస్టారు, ఇటువైపు నేను. పిల్లలు ఆయన్ని పొదుపు మాస్టారంటారు, మార్కులు చేతికి ఎముక లేనట్టు ఇవ్వరు కాబట్టి. ఆయన మార్కు చదువుతారు, నేను పిన్ను తీసి నంబరు చెబుతాను. సగం కట్ట అయ్యాక ఒక కాగితం చేతికొచ్చింది. దాని పిన్ను మావాటిలా లేదు. నీలం గాజు తల, సన్నగా మెరుస్తోంది, కాగితానికి మరక లేదు. "ఇదెవరో ముందే మూల మడిచి పిన్ను పెట్టి మరీ వేశారమ్మా, నా పని తగ్గించారు" అన్నారాయన. మార్కు చదివారు. పదిహేడు.

పిన్ను తీశాను. మీ అమ్మాయి నంబరు.

కింద తేదీ బుధవారం. జ్వరంతో ఇంటికొచ్చిందన్నారే, ఆ రోజే. వచ్చేముందు పెట్టెలో వేసి వచ్చిందక్కా. గడువుకి రెండు రోజుల ముందు. ఎవరూ ముందుగా వేయరు, అందుకే నాకు తట్టనే లేదు.

మాస్టారికి చెప్పాను ఎవరిదో. ఆయన కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. మార్కు ఏమన్నా మారుస్తారా అని అడిగాను. "మార్చను. వరస ఇంకా కుదరాలి" అన్నారు. విషయానికి అయిదు, ఆధారానికి అయిదు, వరసకి మూడు, భాషకి నాలుగు. ఏ కన్నీళ్ళూ కలవని పదిహేడు.

అసలు కాగితం దీంతోపాటు పంపుతున్నాను, పిన్నుతో సహా. రెండు చోట్లు మాత్రం నేనే ముందు చూపించాలని ఆశ. మూడో ప్రశ్నకి ఆమె ఇలా రాసింది:

'టేపు పక్కన పడేసి, రెండు భుజాల మీదా రెండు బొటనవేళ్ళు పెట్టి, మా అమ్మ కళ్ళు మూసుకుంటుంది. మూసుకున్నట్టు తనకే తెలీదు. అడిగితే అలవాటు అంటుంది.'

ఇక ఆఖరి మాటలు:

'కచ్చా కుట్టు చూసి తిట్టేవాళ్ళ మీద మా అమ్మ కోప్పడదు. రెండు రోజులాగి రమ్మంటుంది. మొన్న నా పెన్సిలు కాగితం చూసి మా అమ్మే నన్ను తిట్టింది. చెప్పబోతే మిషను తొక్కింది. నాకు నవ్వొచ్చింది. నేను కూడా రెండు రోజులాగుతాను. కుట్టు పూర్తయ్యాక చూపిస్తాను.'

దాని పక్కన అంచులో మాస్టారు ఎర్ర సిరాతో ఒక ప్రశ్న రాశారు, ఎవరిదో తెలియకముందే. 'చూపించావా?' అని.

మీ చెల్లెలు

*

ప్రియమైన చెల్లెమ్మకి,

నవ్వొచ్చిందట. ఆ ఒక్క మాట మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను. నాకూ నవ్వొచ్చింది, తర్వాత మిగతావన్నీ వచ్చాయి. మూడు నెలల్లో మొదటిసారి మా ఇంటాయన దాని పేరు పెట్టి పిలిచి, "ఎంత గడుసుదే" అన్నారు.

నిన్న కొట్లో ఒక చొక్కా భుజం పట్టుకుని ఉండగా మా ఓనరమ్మ నా ఎదురుగా నిలబడి, "నిద్రొస్తోందా?" అంది. కళ్ళు తెరిచాను. నిజమేనమ్మా, మూసుకుంటాను. నా కడుపున పుట్టినది చూసి చెబితే గానీ నాకే తెలీలేదు. కాలరు కోసం గీసుకున్న ఆ పాత కాగితాలన్నీ మేకు నుంచి తీసి పక్కన పెట్టాను.

మాస్టారికి నా దండాలు చెప్పు. పదిహేడు వేసినందుకు ఒకటి, మూడు తగ్గించినందుకు ఇంకొకటి. అదృష్టవంతురాలు, దాని కాగితం చివరిదాకా సరిగ్గా చదివారు. నువ్వు ఆ రోజు అబద్ధపు ఇరవై పంపి ఉంటే, ఇవాళ ఈ పదిహేడుని నేను నమ్మేదాన్ని కాదు.

ఈ ఉత్తరంతో చిన్న డబ్బా పంపుతున్నాను. పిన్నులు. మేం పట్టుబట్టలకి వాడేవి, తుప్పు పట్టవు, మరక పడదు. ఆఫీసువాళ్ళవి పారేసి పిల్లల కాగితాలకి ఇవి వాడు. అయిపోతే రాయి, మళ్ళీ పంపుతాను. అది పెట్టిన ఆ నీలం తలది మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను, నా పిన్నుల దిండులో మధ్యన గుచ్చాను. పనికి వాడను.

మాస్టారు అంచులో అడిగిన ప్రశ్నకి జవాబు రాయాల్సింది అది. ఇంకొకళ్ళ పని మనం చేయకూడదన్నావు, గుర్తుంది. కానీ ఇది మార్కులకి కాదు కదా. అందుకని పెన్సిలుతో నేనే రాశాను, ఆయనకి చెప్పు:

చూపించింది.

మీ అక్క,
పదిహేడు మార్కుల పిల్ల వాళ్ళ అమ్మ