పక్షి మీద లేచిన గుట్ట

మ్యూజియం అమ్మాయి ఎంఖ్‌మాకు,

నా దస్తూరీ మేకలు తొక్కిన ఇసుకలా ఉంటుంది, తప్పులు మన్నించు. మీ మందలు కులాసాయేనా? మా చలికాలపు దొడ్డి పక్కన పెద్ద పక్షి కాలి ఎముకలు బయటపడ్డాయి. తొడ మా ఒంటె తొడకంటే పొడుగు. ఎముకల దొంగలు జీపుల్లో తిరుగుతున్నారు. వాళ్లకు దక్కనివ్వను. మీరు రండి.

గోబీ నుంచి,
చోయ్‌డోగ్

తా.క. పక్షి అంటే మా ఆవిడ నమ్మదు. "దూరాన ఒంటెను చూసి మా అన్నయ్య వస్తున్నాడన్న కళ్లేగా అవి" అంటోంది.

* * *

చోయ్‌డోగ్ తాతగారికి నమస్కారం.

నాకు మందలు లేవండీ. డైరెక్టరుగారొక్కరే, బాగానే మేస్తున్నారు. మీరు చూసింది పక్షిలాంటి రాక్షసబల్లి, ఏడు కోట్ల ఏళ్ల నాటిది. ఇసుక కప్పి, పైన గుర్తు పెట్టండి. మావాళ్లు వస్తారు. ఎవరికీ చెప్పకండి.

ఇట్లు,
ఎంఖ్‌మా

తా.క. ఉత్తరాలన్నీ డైరెక్టరుగారు చదివాకే వెళతాయట, ఇప్పుడే తెలిసింది. మేత మాట సరదాకి.

* * *

అమ్మాయ్ ఎంఖ్‌మా,

గుర్తుగా నాలుగు రాళ్లు పేర్చాను. లారీ తోలే బల్గాన్ అది దేవర ఉండే ఓవో గుట్ట అనుకున్నాడు. దిగి మూడుసార్లు చుట్టి, ఇంకో రాయి వేసి, దేవరకు మొక్కి పోయాడు. వాడిని చూసి అందరూ. ఇప్పుడది నా గుడారమంత ఎత్తు, నిండా నీలం పట్టుగుడ్డలు. ఒక రాయి తీయబోతే, "దేవర గుట్ట మీదే చెయ్యేస్తావా ముసలోడా, సిగ్గులేదూ!" అని బల్గాన్ అరిచాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

అయినా మేలే జరిగింది. నిన్న పారలతో నలుగురు జీపు దిగారు. "ఎముకలెక్కడ తాతా?" "తెలీదు." "చోయ్‌డోగ్ ఎవరు?" "ఎరగను." గుట్ట చుట్టి, "పక్షి దొరికేట్టు చూడు దేవరా" అని మొక్కారు. పక్కనే నిలబడి, దొరక్కుండా చూడమని నేనూ మొక్కాను. నా మొక్కే ఫలించింది.

చోయ్‌డోగ్

తా.క. దొంగలైనా మర్యాదస్తులు. దేవరకు వోడ్కా సీసా పెట్టి పోయారు. మంచి సరుకు.

* * *

తాతగారూ,

ఆ నలుగురూ మావాళ్లే! ఎముకల్లేవని రాసిచ్చారు, ఫైలు మూసేస్తున్నారు. గుట్ట తీసి, పక్షి ఫోటో పంపితేనే మళ్లీ వస్తారట.

ఎంఖ్‌మా

తా.క. సీసా డైరెక్టరుగారిది.

* * *

అమ్మాయ్,

సిగ్గుతో చచ్చాను. గుట్టను పడగొడితే జనం ఊరుకోరు. కానీ కాలం మారితే మనందరం మకాం మారుస్తాం కదా, దేవర ఎందుకు మార్చకూడదు? దారిన పోయేవాళ్లను ఆపి, "దేవర అవతలి మిట్టకు మకాం మారుస్తున్నాడు, తలో రాయి మొయ్యండి" అన్నాను. ఇంతమందితో నేనెన్నడూ మాట్లాడలేదు. బల్గాన్ లారీయే తెచ్చాడు.

నిన్న ఆఖరి రాయి లేచింది. గాలికి ఇసుక పోయి పక్షి మొత్తం తేలింది. ముందుకాళ్లు రెక్కల్లా చాచి, గుడ్ల మీద కూర్చుని ఉంది. ఇసుక ముంచేసినా లేవలేదన్నమాట. ఫోటో ఇందులో పెట్టాను. నిదానంగా తవ్వేవాళ్లను పంపు. పక్కనే గుడారం వేశాను, మీరొచ్చేదాకా కదలను.

చోయ్‌డోగ్

తా.క. మా ఆవిడ వచ్చి పక్షిని చాలాసేపు చూసింది. "నీకంటే మొండిదే" అని, టీ నా చేతికిచ్చి, తనూ పక్కన కూర్చుంది. ఇద్దరం చూస్తుంటాం, జవాబు త్వరగా రాయి.