పోన్ సంతకు మాత్రలు

సుగిమిన్ అన్నయ్యా, డాక్టరు వారానికి ఒక్కసారి వేయమన్న మాత్రల్ని రెండు నెలలుగా ప్రతి పోన్ సంతకూ అమ్మ చేత మింగించావు. మన పోన్ రోజు, దాంతో పాటే సంత, అయిదు రోజులకే తిరిగొస్తుంది. డాక్టరు వారానికి ఏడు రోజులు.

కూతుర్ని చూడ్డానికొచ్చిన లస్మి పిన్ని నిన్న మా చెప్పుల ఫ్యాక్టరీ గేటు దగ్గర చెప్పింది. "మీ అమ్మ నోరంతా పూసిందే, గంజి కూడా దిగట్లేదు. మీ అన్న సంతలో ఉప్పు మరిచిపోతాడు గానీ మాత్ర మరిచిపోడు." సంత రోజైతే గుర్తుంటుందని అలా పెట్టావట. అమ్మ నిన్నే వెనకేసుకొచ్చిందట.

మా ఫ్యాక్టరీ నర్సునడిగాను. "చర్మం మీది పొలుసులకీ కీళ్ళ వాపుకీ రెంటికీ పనిచేసే మందది, మంచిదే. గడువు కాకముందే వేస్తే రక్తం దెబ్బతింటుంది. నోరు పూయడం దాని కబురే" అంది.

ఇవాళా పోనే. ఈపాటికి ఇంకోసారి వేసేసుంటావు. ఇక ఆపు. పిన్ని ఈ కార్డు ఇచ్చిన రోజే అమ్మను రక్త పరీక్షకు తీసుకెళ్ళు. సంత లెక్క దాచకుండా చెప్పు. మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరే చెప్పాలి. నొప్పులకని జాము నాటుమందు అమ్మేవాళ్ళ పొడి కలపకు.

మేక ఈనిందా? పెంకులు సర్దించావా?

అమ్మకు నా దండాలు. పరీక్ష కాగితం బస్సు డ్రైవరు చేతికివ్వు. వచ్చే పోన్‌కల్లా అది నా చేతిలో ఉండాలి. అయిదు రోజులు. ఆ లెక్క నీకు బాగా వచ్చు.

వార్తిని