తువ్వాల కింద నా చెయ్యి

బాపూ,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఇవాళ నిజామాబాద్ కోర్టులో ఐపీ కేసు నేనే వాదించుకున్నాను. వేరే వారసులు లేక నువ్వు నా పేరున పెట్టిన పసుపు దుకాణం దివాలా తీసిందని చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. సిగ్గంతా వకీలు చెప్పిన ఉపాయంలోనే ఉంది. "అప్పులోళ్లకు చిక్కకుండ ముందుగాల ఇల్లు మీ మామ పేరు మీద జెయ్యి, గప్పుడు ఐపీ పెడుదాం" అన్నాడు. నా కాగితాలు తీసుకుని వచ్చేశాను.

"మీ వకీలు ఎక్కడమ్మా?" అని జడ్జిగారు అడిగారు.

"అబద్ధం రాస్తనన్నడు సార్, వద్దన్న."

మనకు అప్పిచ్చిన పెర్కిట్ సేటు బోనెక్కి, ఆ బాకీ కింద నువ్విచ్చిన పసుపు తనకు ముట్టనే లేదని, నేనే దాచానని చెప్పాడు. ఆ బస్తాలు అతని లారీ ఎక్కడం నేను చూశాను. కానీ రాత లేదు. మీ బేరాలన్నీ తువ్వాల కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని, ఎవరికీ కనబడకుండా ధర చెప్పుకోవడమే కదా! అక్కడ అబద్ధమాడినవాడికి మార్కెట్లో మళ్లీ ఎవరూ చెయ్యి ఇవ్వరు.

సంచిలోంచి నీ తువ్వాల తీసి నా చేతి మీద కప్పుకున్నాను.

"సేటూ, సరుకు ముట్టలేదని గీ తువ్వాల కింద నా చెయ్యి పట్టి చెప్పు."

సేటు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. కేసు చూడటానికి వచ్చిన మార్కెట్ వాళ్లంతా చూశారు. కేసు వాయిదా పడింది. మళ్లీ ఒక్కదాన్నే పోతాను.

ఆడపిల్ల చెయ్యి తువ్వాల కిందికి పోవద్దని నన్ను గడప దగ్గరే ఆపేవాడివి. ఇవాళ పెట్టాను బాపూ. పట్టుకునే ధైర్యం సేటుకే లేకపోయింది.