పిడుగు కారుకు దారి

పిడుగుకి,

అక్క ఆశీస్సులు. ఫోనులో అడిగితే మాట మార్చేస్తావు కనుక ఉత్తరం రాస్తున్నాను. కాగితం మీద మాట మారిస్తే కొట్టివేతలు కనబడతాయి.

కిందటిసారి మా గేటు లోపల బురదలో నీ కారు దిగబడింది. వీధి వీధంతా వచ్చి నెట్టింది. "అక్కా, నీ గుమ్మందాకా గట్టి దారి వేయించు, అప్పుడొస్తా" అని నవ్వుతూ వెళ్ళావు. వానాకాలాలు వచ్చి పోతున్నాయి గాని నువ్వు రాలేదు. ఇక లాభం లేదని కాంక్రీటు దారి వేయిస్తున్నాను. సోమవారం మట్టి తవ్వుతారు. నీ కారు బరువెంతో రాయి. దాన్నిబట్టి మందం చెబుతాడట మేస్త్రి.

ఎదురుచూస్తూ,
నీ అక్క

తా.క. నువ్వు ఎక్కాక బరువెంతో కూడా అడగమన్నారు మీ బావ. అది నాకు అక్కర్లేదు.

అక్కకి,

నమస్కారాలు. బావకి మాత్రం లేవు.

నా కోసం ఎందుకే ఇంత శ్రమ? మీ ఇల్లు వీధికంటే ఎత్తు. గేటు దగ్గర ఏటవాలుకి మా కారు పొట్ట గీసుకుపోతుంది. ఈసారికి వదిలెయ్. తీరిక చూసుకుని వస్తాలే.

నీ చెల్లి

తా.క. కారు బరువు మీ మరిదికి తెలుసు. ఆయన ఊళ్ళో లేరు.

పిడుగుకి,

దీవెనలు. పొట్ట గురించి బెంగపడకు. ఏటవాలు చెక్కించేశాను. ఇప్పుడు నీళ్ళు నింపిన చెంబు కారులో పెట్టుకొచ్చినా తొణకదు. కంకర పరిచి దిమ్మిస కొడుతున్నారు. ఆ చప్పుడు వింటుంటే నువ్వు తలుపు బాదుతున్నట్టే ఉంటోంది. రెండుసార్లు లేచి వెళ్ళాను కూడా.

తేదీ చెప్పు.

నీ అక్క

తా.క. మరిది వచ్చేదాకా ఆగలేను. ఆరంగుళాల మందం వేయమన్నాను.

అక్కకి,

నమస్కారాలు. తీరా చూస్తే మీ గేటు ఇరుకు. మాది వెడల్పాటి బండి. పైగా బాగా బరువు. నీ దారి పగిలిపోతే నాకు బాధ. వచ్చే ఏడు చూద్దాం.

నీ చెల్లి

తా.క. మరిదిని ఏమీ అడగకు. ఆయన ఇంకా ఊళ్ళో లేరు.

పిడుగుకి,

దీవెనలు. గేటు స్తంభం పడగొట్టించాను. ఇప్పుడు కారూ, నీ గొప్పలూ పక్కపక్కనే పడతాయి. బరువన్నావని అడుగున ఇనుప చువ్వలు కూడా కట్టించాను. మేస్త్రి తల గోక్కుని "అమ్మా, వచ్చేది మీ చెల్లెలేనా, ఏనుగుల గుంపా?" అన్నాడు.

మీ బావ ఒక మాటన్నారు: "నీ దారికి అడ్డం గేటు కాదే. ఆవిడకి రావాలని లేదు." ఆ పూట ఆయనకి పెరుగు వేయలేదు. కానీ ఆ మాట నన్ను వదలడం లేదు. పిడుగూ, నా కూరలో ఉప్పెక్కువైందని మొహం మీద చెప్పేదానివి నువ్వొక్కతివే. మిగతావాళ్ళు మర్యాదగా మింగేస్తారు. నిజం చెప్పు, నా మీద కోపమా?

నీ అక్క

తా.క. కోపమైతే దానికెంత మందం కావాలో రాయి. అదీ పోయిస్తాను.

అక్కా,

కోపమేంటే? కారే లేదు. మీ మరిది కొట్టు మూతపడ్డాక అమ్మేశాం. హారను మోగించుకుంటూ వచ్చిన వీధిలోకి సంచి పట్టుకుని నడిచిరావాలంటే మొహం చెల్లలేదు. వంక దొరికిందని బురద మీద పెట్టాను. నువ్వేమో నేను చెప్పిన వంకకల్లా సిమెంటు పూసేస్తున్నావు! ఇంకొకటి చెబితే ఇల్లే పక్కకి జరిపేలా ఉన్నావు.

ఆదివారం బస్సులో వస్తున్నాను. నాక్కూడా నువ్వు కావాలే.

నీ పిడుగు

తా.క. బస్సు వీధి చివరే ఆగుతుంది. దాని బరువు అడగకు.

పిడుగుకి,

నువ్వు రావద్దు.

కంగారుపడకు, చదువు. నీ ఉత్తరం వచ్చేసరికి కాంక్రీటు పోసేశారు. గట్టిపడేదాకా ఎవ్వరూ అడుగు పెట్టకూడదని మేస్త్రి తాడు కట్టి వెళ్ళాడు. తడపాలట, తొక్కకూడదట. మేం ఇద్దరం వెనక గోడెక్కి తిరుగుతున్నాం. మీ బావ కింద స్టూలు పట్టుకుని, "ఇంత గట్టి దారి వేయించి గోడ దూకే ఇల్లాలు నువ్వొక్కతివే" అంటున్నారు. నిన్ను కూడా గోడ దూకించలేను.

కారు లేదని చదివి ముందు ఏడ్చాను, తర్వాత నిన్ను తిట్టాను. చివరికి నన్ను నేను తిట్టుకున్నాను. నువ్వు రావడానికి ఏం కావాలా అని ఇంత ఆలోచించినదాన్ని, నేను రావడానికి బస్సుందని ఒక్కసారీ అనుకోలేదు. నీ ఆదివారందాకా ఆగను, రేపు పొద్దున్నే బయల్దేరుతున్నాను. దారి తడపడం మీ బావకి అప్పజెప్పాను.

నీ అక్క

తా.క. ఈ ఉత్తరం ముందొస్తుందో నేనే ముందొస్తానో తెలీదు. నేనే ముందొస్తే, మీ గుమ్మంలో కూర్చుని ఇద్దరం కలిసి దీనికోసం ఎదురుచూద్దాం.