కళ్ళజోడుకి కనబడని చెయ్యి

పలాస, మంగళవారం

ఈరోజు జీడిపప్పు ఫ్యాక్టరీలో అందరి ముందూ నా చెయ్యి మాయమైపోయింది.

విశాఖ నుంచి వచ్చిన ఇంజినీరు బాబు నాకొక కళ్ళజోడు పెట్టాడు. అందులోంచి చూస్తే ఒక్కో పప్పు మీదా దాని గ్రేడు పేరు గాల్లో తేలుతోంది. బాగానే ఉంది. సరే అనడానికి బొటనవేలూ చూపుడువేలూ కలిపి గాల్లో నొక్కాలంట. నొక్కుతూనే ఉన్నాను. ఆ కళ్ళజోడుకి నా చెయ్యే కనబడలేదు.

"ఏటలా కెలుకుతన్నావు? సెయ్యి సరిగ్గా సూపించు!" అని మేస్త్రీ అరిచాడు.

ఇంజినీరు నా వేళ్ళు చూసి, "అమ్మా, ఒకసారి చేతులు కడుక్కుని రండి" అన్నాడు. జీడిపిక్కలు కొట్టీ కొట్టీ, తొక్కలో నూనెకి కాలి నల్లబడిన వేళ్ళవి. ఆ నలుపు సబ్బుకి పోతుందా?

కడుక్కొచ్చినా అంతే. అయితే గ్లౌజులు తెమ్మన్నాడు ఇంజినీరు. మేస్త్రీ బీరువా తీసి కొత్త ప్యాకెట్టు తెచ్చాడు. పిక్కలు కొట్టడానికి గ్లౌజులు అడిగినప్పుడల్లా స్టాకు లేదన్న మనిషి! ఆ తెల్లటివి తొడుక్కోగానే కళ్ళజోడు నా చెయ్యిని గుర్తుపట్టేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. సిగ్గు లేకుండా నేనూ నవ్వాను. అది తల్చుకుంటేనే ఒళ్ళు మండిపోతోంది.

నా పక్కన కూర్చుని పిక్కలు కొట్టే పార్వతొదిన చెవిలో అంది, "గ్లౌజులు మన సేతులకి కాదే, ఆ కళ్ళజోడు కళ్ళకిచ్చినారు."

ఇంటికొచ్చేటప్పుడు మేస్త్రీ గ్లౌజులు తీసేసుకున్నాడు. గురువారం ఇంజినీరు మళ్ళీ వస్తాడు కదా, అప్పుడిస్తాడంట.

రేపు బుధవారం. రేపు పిక్కలు కొట్టాలి.