మూడు అనువాదాల్లో నేను

చిరంజీవి మాటలమూటకు,

అమ్మమ్మ దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం. క్షేమం కాస్త ఎక్కువే అయింది. కిటికీ తెరిచి కొంత బయటికి పంపుదామంటే ఆ కిటికీకి కూడా జాలీ బిగించారు. నువ్వూ, నీ నాటక బృందమూ కులాసాగా ఉన్నారనుకుంటాను.

ముందు ఒక తప్పు దిద్దాలి. 'మా అమ్మమ్మకి గ్రీకు కొట్టిన పిండి' అని మీ వాళ్లందరికీ చెప్పానని రాశావు. నాకు గ్రీకు ఒక్క ముక్క రాదే. అక్షరాలు కొన్ని గుర్తుపడతాను, అదీ లెక్కల పుస్తకంలో కోణాలకు పెట్టేవి కాబట్టి. ఉద్యోగమంతా నేను కాలేజీలో చెప్పింది గ్రీకు నాటకాలకూ పద్యాలకూ వచ్చిన ఇంగ్లీషు అనువాదాలు. పక్కింట్లో జరిగే గొడవను గోడకు చెవి ఆనించి విని, తప్పెవరిదో తీర్పు చెప్పడం లాంటి పని. మీ వాళ్లకు ఈ సంగతి చెప్పి నా పరువు కాస్త తగ్గించు. లేకపోతే ఎవరో ఒకరు వచ్చి మూలంలో ఏముందని అడుగుతారు.

ఇక నీ ప్రశ్నలకు వస్తాను. మీరు వేయబోయే గ్రీకు నాటకాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగు చేసుకుంటున్నారు కదా, దొరికిన మూడు అనువాదాల్లో ముందు పెట్టుకోవడానికి ఏది మంచిదన్నావు. ఏదీ మంచిది కాదు. మూడూ పెట్టుకోండి. నా రెండు గదుల అద్దె ఇల్లు ఖాళీ చేయించినప్పుడు మీ మావయ్య తెచ్చినవాటిలో పనికొచ్చేవి ఆ మూడు పుస్తకాలే. వాటికి నేను క్లాసులో పేర్లు పెట్టేదాన్ని. మొదటాయన కవిగారు. బ్రహ్మాండంగా పాడతాడు, తన గొంతుకు లొంగని మాటలు వదిలేస్తాడు. రెండో ఆయన పంతులుగారు. పైన ఒక్క పంక్తి ఉంటే కింద అరపేజీ వివరణ. ఆయన చేతిలో ప్రాణం పోతున్నవాడు కూడా వాక్యం పూర్తి చేసే పోతాడు. మూడోది ఎప్పుడో విద్యార్థుల కోసం చేసిన వట్టి వచనం. దాని పేరు గుమస్తా. అందం అడగొద్దు. కానీ ఏదీ వదలడు. రాణి మూడుసార్లు అయ్యో అంటే మూడుసార్లూ రాస్తాడు.

ఈ ముగ్గుర్నీ పక్కపక్కన తెరిచి పెట్టుకో. ఒకరంటే ఒకరికి పడని మనుషులు. ముగ్గురూ మూడు దారుల్లో పోతే అక్కడ అనువాదకుడు మాట్లాడుతున్నాడని అర్థం. ముగ్గురూ ఒకే మాట అన్నారంటే, అక్కడ గ్రీకు వాడి గొంతు వినిపిస్తున్నట్టే. గ్రీకు రానివాళ్లకు ఇంతకంటే దారి లేదు. ఒక్కరే చెప్పి మిగతా ఇద్దరూ దాటేసిన మాట ఉంటే, ఎందుకు దాటేశారో చూడు. నా దగ్గర చదివినవాళ్లు నన్ను మర్చిపోయినా ఈ పద్ధతి మర్చిపోరు.

ముసలి రాణి పాత్ర చిన్నది, తీసేద్దామంటున్నారని రాశావు. తీసేస్తే మీ నాటకానికి నేను రాను. కొడుకు రాజు. ఊరి చుట్టూ శత్రువులు. తల్లిని లోపలి గదిలో ఉంచి తలుపు వేయిస్తాడు, అంతా నీ మేలుకే అంటాడు. కవిగారి రాణి ఇక్కడ ఒక పాట పాడి ఊరుకుంటుంది. గుమస్తా రాణి మాత్రం పాడబోయే ముందు ఒక ప్రశ్న వేస్తుంది. 'గడియ లోపలి వైపు ఉందా, బయటి వైపు ఉందా?' గడియ మీద పాట కుదరక కవిగారు దాన్ని వదిలేశాడు. ఇది రాణి స్థాయికి తగిన మాట కాదు, ఎవరో తర్వాత చేర్చి ఉంటారని పంతులుగారు కింద వివరణలోకి నెట్టేశాడు. ఏటా ఈ చోటు రాగానే క్లాసంతా నవ్వేది, నేనూ నవ్వేదాన్ని. ఈ మధ్య ఆ పేజీ తెరిస్తే నవ్వు రావడం లేదు.

ఊరి పెద్దలంతా తలుపు బయటే నిలబడి అన్నీ వింటూ ఎందుకు కదలరు, ఆ కోరస్‌కి ఏమైనా పని ఇద్దామా అని కూడా అడిగావు. ఏ పనీ ఇవ్వొద్దు. వాళ్లు మంచివాళ్లు కాబట్టే కదలరు. మా వరండాలోనూ ఒక కోరస్ ఉంది. పొద్దున్న మీ మావయ్యా అత్తయ్యా ఆఫీసులకు పోయాక తలుపు వెనక నిలబడితే అంతా వినిపిస్తుంది.

"పెద్దావిడ లోపలే ఉన్నారా?"

"ఆ, తాళం వేసే వెళ్తారు."

"పాపం."

"పాపమేంటండీ, ఎంత జాగ్రత్తగా చూసుకుంటున్నారో. మా ఇంట్లో అయితే ఎవరు పట్టించుకుంటారు?"

"అదీ నిజమేలెండి."

ఆ తర్వాత చెప్పుల చప్పుడు మెట్లు దిగిపోతుంది. నీ కోరస్‌కి ఈ నాలుగు మాటలూ ఇలాగే ఇచ్చెయ్యి, ఏ అనువాదమూ అక్కర్లేదు.

మిగిలింది నీ ఆఖరి ప్రశ్న. 'తాళం ఎందుకు అమ్మమ్మా? మావయ్య సరిగా చెప్పడం లేదు. నువ్వు మా బృందం ఉండే ఇంటికి వచ్చెయ్. మేడ మీద గది ఖాళీగానే ఉంది' అని రాశావు. ఆ 'వచ్చెయ్' అన్న వాక్యం ఎన్నిసార్లు చదివానో చెప్పను, పొంగిపోతావు. వెంటనే 'వస్తున్నా' అని కార్డు ముక్క రాసి పడేయాలనిపించింది. రాయలేదు. మెట్లు బాగు చేస్తున్నారు, అందుకే బయటికి వెళ్లడం లేదని నీకు ఇదివరకు రాశాను కదా. అది మీ మావయ్య అనువాదం. మిగతా రెండూ కూడా చూపిస్తాను.

మావయ్యను అడిగితే ఇలా చెప్పాడు.

"మెట్ల మీద సిమెంటు ఇంకా తడిగా ఉందమ్మా. పైగా నీ మోకాలికి విశ్రాంతి కావాలని డాక్టరు అన్నాడు. ఈ వీధిలో దొంగతనాలు కూడా ఎక్కువయ్యాయి."

"ఒక్క కారణం చెప్పి ఉంటే నమ్మేదాన్ని కదరా."

"మూడూ నిజమేనమ్మా."

వాడు పుట్టుకతోనే పంతులుగారు. మీ అమ్మను ఫోనులో అడిగాను. ఇక్కడ ఫోను ఎప్పుడూ స్పీకరు మీదే ఉంటుంది, అందరూ వింటారు.

"అమ్మా, నువ్వు చల్లగా ఇంటిపట్టున ఉంటే చాలు, నాకింకేం వద్దు."

"నేనడిగింది తాళం గురించే."

"అది తాళం అనుకోకమ్మా. మా ప్రేమ అనుకో."

ఆ తర్వాత ఏడుపు. కవిగారు. నేనే ఓదార్చాల్సి వచ్చింది, తాళం మాట పక్కకు పోయింది.

మీ అత్తయ్యను అడగాలని అనుకోలేదు. ఆవిడ పొడి పొడిగా మాట్లాడుతుందని నీకు తెలుసు కదా. ఒక సెలవు రోజు మధ్యాహ్నం ఆరిన బట్టలు మడతపెడుతుంటే ఊరికే ఉండలేక అడిగాను. చేతిలో దుప్పటి దించకుండానే చెప్పింది.

"మీరు తప్పిపోయారు అత్తయ్యగారూ. అందుకే."

నాకు మహా కోపం వచ్చింది. ముగ్గురూ మూడు మాటలు చెబుతున్నారు, పక్కపక్కన పెట్టి వీళ్ల అబద్ధాన్ని పట్టేస్తానని కూర్చున్నాను. మెట్లు, మోకాలు, దొంగలు, ప్రేమ, అన్నీ కొట్టేశాను. కొట్టేయగా ముగ్గురిలోనూ ఒక్క మాటే మిగిలింది. నన్ను ఒంటరిగా బయటికి పంపకూడదు. ముగ్గురూ కలిసినచోట మూలం ఉంటుందని ఇన్నాళ్లూ బల్ల గుద్ది చెప్పింది నేనే. నాకు నచ్చనప్పుడు ఆ పద్ధతి పనిచేయదని చెప్పడం కుదరదు కదా.

కాబట్టి విను. మీ నాటకానికి నాలుగో అనువాదం ఏదైనా దొరుకుతుందేమోనని లైబ్రరీకి వెళ్లాను. దొరకలేదు. తిరిగొచ్చేటప్పుడు బస్సులో కూర్చుని, కోరస్ పాట కవిగారి ఇంగ్లీషులో మనసులో చెప్పుకుంటున్నాను. ఒక్క పంక్తి కూడా తడబడలేదు, అందుకు లోలోపల గర్వపడుతున్నాను కూడా. బస్సు ఆగింది. "అమ్మగారూ, ఆఖరి స్టాపు. మీరెక్కడ దిగాలి?" అన్నాడు కండక్టరు. నాకు తెలియలేదు. స్టాపు సంగతి కాదమ్మా. ఇల్లు తెలియలేదు. వీధి, గేటు, ఎన్నో అంతస్తు, కొడుకు ముఖం, ఏదీ లేదు. అవన్నీ ఉండే చోట అప్పుడే సున్నం కొట్టిన గోడ ఉంది. ఏదో ఒకటి చెప్పాలి కదా, నోట్లో ఉన్నది ఆ పాట ఒక్కటే. ఇంగ్లీషులో మొత్తం ఒప్పజెప్పాను. అతను మర్యాదగా విని, నన్ను దింపి బెంచీ మీద కూర్చోబెట్టి, "ఈవిడకేం భయం లేదు, ఇంత ఇంగ్లీషు మాట్లాడుతున్నారు. ఎవరి కోసమో చూస్తున్నట్టుంది" అని డ్రైవరుతో చెప్పి వెళ్లిపోయాడు. అంత చదువుకున్నందుకు ఆ బెంచీ మీద చీకటి పడేదాకా కూర్చున్నాను.

సంచీలో లైబ్రరీ కార్డు మీద నంబరు చూసి ఎవరో ఫోను చేస్తే మీ అత్తయ్య ఆఫీసు నుంచి పరుగున వచ్చింది. దారంతా నా చెయ్యి వదల్లేదు. ఆ తర్వాత ఇంకోసారి కింది అంతస్తులో తలుపు కొట్టి, తెరిచినావిడను 'మా ఇంట్లో నీకేం పని' అని దులిపేశాను. వరండాలో 'పాపం' అన్నది ఆవిడే.

నీ దగ్గర దాచింది ఇది. నీకు తెలిస్తే రమ్మని పిలవవేమోనని దాచాను. ఈ ఉత్తరం మీ మావయ్యే పోస్టు చేస్తాడు. నాటకాల గోల అనుకుని తెరవడు. ఒకవేళ తెరిచినా గుమస్తా దాకా వచ్చేసరికి నిద్రపోతాడు. అందుకే అసలు సంగతి ఇంత వెనక్కి పెట్టాను.

దుప్పటి మడతపెడుతూ మీ అత్తయ్య మరో మాట కూడా అంది. అది మిగతా ఇద్దరి దగ్గరా లేదు. "తాళం వేసి వెళ్తాను గానీ, ఆఫీసులో కూర్చుని దాని గురించే ఆలోచిస్తుంటాను. లోపల ఏమన్నా అయితే మీరు బయటికి రాలేరు. తీసేస్తే బయట ఏమవుతుందో అని భయం. నాకేం తోచడం లేదు అత్తయ్యగారూ. చదువుకున్నవారు, మీరే చెప్పండి." ఆవిడ తాళంచెవి పట్టుకుని బయట ఇరుక్కుంది, నేను లోపల ఇరుక్కున్నాను. ఇద్దరం కూర్చుని మిగిలిన బట్టలు మడతపెట్టాం.

మీ మావయ్య ఒక వృద్ధాశ్రమం చూసి వచ్చాడు. వచ్చే నెల మొదట్లో చేరుస్తానంటున్నాడు, ఈ నెల ఆఖరి ఆదివారం లోపు సరే అనమన్నాడు. తోట ఉందట, లైబ్రరీ ఉందట. ఏ పుస్తకాలున్నాయిరా అంటే, పెద్దక్షరాల పత్రికలన్నాడు. గేటు అంకెలు నొక్కితే తెరుచుకుంటుంది. ఆ అంకెలు అక్కడ ఉండేవాళ్లకు మాత్రం చెప్పరు. అంకెలు ఒకసారి వింటే కొన్నాళ్లయినా గుర్తుంచుకోగలనని, తర్వాత మర్చిపోతానని, మర్చిపోయినట్టు కూడా తెలియదని కూర్చుని లెక్కలు వేసుకుంటున్నాను.

ఇప్పుడు నీ ఇష్టం. నువ్వు రమ్మన్నది పండితురాలైన అమ్మమ్మను. రాబోయేది ఏదో ఒక పొద్దున నీకే తలుపు తీసి ఎవరమ్మా నువ్వు అని అడిగే మనిషి. పిలిచిన మాట వెనక్కి తీసుకుంటే తప్పు పట్టను. అలుగుతాను, అది వేరే సంగతి. రమ్మంటే మాత్రం నాది ఒక్కటే షరతు. నీ గదికీ, మీరు రిహార్సలు చేసుకునే హాలుకూ మధ్య ఒక్క వీధే అని రాశావు. ఆ వీధిలో నన్ను ఒంటరిగా నడవనివ్వాలి. కొన్నాళ్లు సరిగా వస్తాను, ఒక్కోరోజు దారి తప్పుతాను. ఎవరో తీసుకొచ్చి దింపుతారు. దింపకపోవచ్చు కూడా. ఆ భయం నీకు అప్పగిస్తున్నానని తెలిసే రాస్తున్నాను. నాకు బుర్ర పనిచేసినన్నాళ్లు మీ హాలులో ఓ మూల కూర్చుని, మూడు పుస్తకాలూ ముందేసుకుని, మీరు చేసే తప్పులన్నిటికీ చీవాట్లు పెడతాను. జీతం అక్కర్లేదు.

ఈ మాట మీ అత్తయ్యకు చెప్పాను.

"వెళ్తారా మరి?" అంది.

"అది రమ్మంటే. మీ ఆయన ఊరుకుంటాడా?"

"నేను మాట్లాడతాను."

"వాడి దగ్గర బోలెడు కారణాలుంటాయి."

"ఉండనివ్వండి. నేను విననుగా."

ఇంత అందమైన అనువాదం కవిగారు కూడా చేయలేదు.

రమ్మనేట్టయితే ముందు ఒక చిన్న పని చేసిపెట్టు. మీ దగ్గర స్కూలు పిల్లల యూనిఫారాలు కుట్టే దుకాణం ఉండే ఉంటుంది. అక్కడ బట్ట పట్టీల మీద పేర్లు కుట్టిస్తారు. వేలెడు పొడవున తెల్ల పట్టీలు ఒక డజను చేయించు, నల్ల దారంతో. నా పేరు వద్దు. మీ వీధి, ఇంటి నంబరు, నీ ఫోను నంబరు చాలు. ఇంగ్లీషులో అసలు రాయించకు, అది చూస్తే నాకు సాయం అక్కర్లేదనుకుంటారు. జాకెట్లకు లోపలి వైపు మీ అత్తయ్య కుడతానంది, అవి ఆ ఆదివారం కంటే ముందే ఆవిడ పేరున పంపు. ఏ క్లాసు పాపకండీ అని దుకాణంవాడు తప్పకుండా అడుగుతాడు. చదువు అయిపోయింది, ఇప్పుడే బయటి ప్రపంచంలోకి వెళ్తోందని చెప్పు. దారం ఉతుకుల్లో రంగు పోనిదేనా అని మాత్రం రెండుసార్లు అడుగు.

ఇట్లు,
నీ నోటికి తగిన నోరున్న
అమ్మమ్మ