యాదమ్మ కమ్మలు

సోమవారం, మార్చి తొమ్మిది. రెండు బకెట్ల బట్టలు ఉతికాను, పిండి రుబ్బాను, మా తాకట్టు దుకాణం రిజిస్టర్ రాశాను.

యాదమ్మా, "ఇంట్లుంటే మా ఆయన తాగుడుకు అమ్ముతడక్కా, నీ బీరువాల ఉండనీ" అని నీ కమ్మలు వంద రూపాయలకే తాకట్టు పెట్టావు. పాప పెద్దదయ్యాక తనకివ్వమన్నావు. రిజిస్టర్‌లో పేరుకు, తూకానికి గడులున్నాయి. ఆ మాట రాయడానికి గడి లేదు.

నువ్వు పోయి నెలైంది. ఈరోజు మీ ఆయన రసీదు పట్టుకొని వచ్చాడు.

"పాపను తీసుకురా, తన చేతికే ఇస్తాను" అన్నాను.

"రసీదు నా కాడున్నది, పైసల్ కడుతున్న. ఠాణకు పోదమా అమ్మా?" అని నవ్వాడు.

ఇవ్వకపోతే లైసెన్సు పోతుందని మావారు అన్నారు. నేనే బీరువా తెరిచి ఇచ్చాను.

నీ పేరు పక్కన "అసలు, వడ్డీ ముట్టాయి. బాకీ తీరింది" అని రాశాను.